బెలూన్ బుట్టలో చీకటి గది

గండికోట దగ్గర పెన్నా లోయను డ్రోన్‌తో తీసిన ఫోటోలు మా కడపలో ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా ఉంటాయి గానీ, పైనుంచి నేలను ఫోటో తీయడానికి తొలినాళ్లలో పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. 1783లోనే పారిస్‌లో మనుషులు వేడిగాలి బుడగలో ఎగిరినా, ఆకాశం నుంచి తొలి ఫోటో 1858లో గానీ రాలేదు. దాన్ని తీసిన ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ నాదార్‌కు మొదట్లో ఫోటో తీసే గాజుపలకలన్నీ నల్లబడిపోయేవి. గ్యాసు నింపిన తన బెలూన్ మూతి మూసి ఎగిరిన రోజున మాత్రం బొమ్మ పడింది. ఆ మూతిలోంచి కారే గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడ్, గాజుపలక మీది వెండి లవణాన్ని పాడుచేస్తోందన్నమాట.

అప్పట్లో పలకకు కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరేలోపే ఫోటో తీసి కడగవలసి వచ్చేది కనుక, ఊగే బుట్టలోనే గుడ్డలతో చీకటి గది కట్టుకోక తప్పలేదు. (మన మే నెల ఎండల్లోనైతే అది కెమెరా దాకా చేరకముందే ఆరిపోయేదేమో!)

నాదార్ తొలి చిత్రం నేడు మిగలలేదు. మిగిలినవాటిలో పాతది, 1860 అక్టోబరు 13న అమెరికా ఫోటోగ్రాఫర్ జేమ్స్ వాలెస్ బ్లాక్ అక్కడి బోస్టన్ నగరంపై బెలూన్‌లో సుమారు 1,200 అడుగుల ఎత్తు నుంచి తీసినది. వంకర వీధులు, ఇళ్ల కప్పులు అందులో విడివిడిగా గుర్తుపట్టవచ్చు. ఆయన వాడిన ఎనిమిది పలకల్లో సరిగా వచ్చింది ఆ ఒక్కటే.