వంటగది లేని మేడ

శనివారం తెలుగు క్లాసుకి రానని మా అమ్మాయి మంచం దిగలేదు. ఆ కోపం చల్లారకుండానే ఆదివారం లండన్‌లోని చిజిక్ హౌస్ తోటకి వెళ్లాం. మేడ కనబడగానే క్లాసు నేనే మొదలుపెట్టాను.

"బర్లింగ్టన్ దొర 1719లో ఇటలీ వెళ్లి పల్లాడియో అనే పాతకాలపు వాస్తుశిల్పి కట్టిన ఇళ్లు చూసొచ్చాడు. ఆయన చేతి డ్రాయింగులు కొని దాచుకున్నాడు. 1729కల్లా ఇదిగో, ఈ మేడ లేపాడు. మెట్లకి అటొకటి ఇటొకటి ఆ విగ్రహాలు ఎవరివనుకున్నావ్? పల్లాడియోది, ఆ పద్ధతిని ఇంగ్లండుకి తెచ్చిన ఇనిగో జోన్స్‌ది. అదీ గురుభక్తి! విలియం కెంట్ అని బొమ్మలు వేసుకునే ఆయన్ని చేరదీస్తే, ఆయన తోటల మీద పడ్డాడు. తాడు పట్టి గీసినట్టున్న బాటల పక్కనే, గడ్డిని దానంతటదే నీళ్లలోకి జారినట్టు వదిలాడు. తర్వాత ఇంగ్లండులో పెద్ద పెద్ద తోటలన్నీ ఆ దారే పట్టాయి. పరాయి దేశానిది తెచ్చుకుని ఆయన అంత చేస్తే, నీకు సొంత భాషకి రెండు గంటలు..."

"ఇందులో వంటగది ఎక్కడ?" అంది, ఇంగ్లీషులో.

లేదు. వంటావార్పూ అన్నీ పక్కనున్న పాత ఇంట్లోనే. ఇది పుస్తకాలకి, పటాలకి, వచ్చేపోయే పెద్దమనుషులకి. "ఉండటానికి మరీ చిన్నది, గడియారం గొలుసుకి తగిలించుకోవడానికి మరీ పెద్దది" అని హార్వే దొర ఆ రోజుల్లోనే వెక్కిరించాడట.

"నా తెలుగు కూడా అంతే కదమ్మా. ఎవరైనా వస్తేనే."

కాదనలేకపోయాను. పోయిన వారం చుట్టాల ముందు అది చేతులు వెనక్కి కట్టుకుని పద్యం చెబుతూ మూడో పాదం దగ్గర ఆగితే, గుమ్మంలోంచి పెదవులాడించి అందించింది నేనే. వాళ్ల కారు సందు తిరగ్గానే "షూస్ ఆఫ్, బెడ్" అన్నదీ నేనే. ఇంట్లో తెలుగే మాట్లాడండని వాట్సాప్ గ్రూపులో అందరికీ నీతులు చెప్పేది కూడా, చెప్పకపోతే పాపం, నేనే.

కానీ ఒకటి. పొయ్యి వెలిగిన ఆ పాత ఇంటిని 1788లో కూల్చేశారు. మిగిలింది ఈ షోకుల మేడే. అంటే ఆ పద్యమైనా మిగులుతుందనుకోవాలా? ఏమో, ఇది నన్ను నేను సమర్థించుకోవడమేనేమో.

రాత్రి కంచం ముందు కూర్చున్నాక, గట్టిగా నిర్ణయించుకుని, "పెరుగు వేయనా తల్లీ?" అన్నాను.

అది వీధి తలుపు వైపు చూసింది. "ఎవరైనా వస్తున్నారా?"