సర్వేపల్లిలో సోమిరెడ్డి లెక్క

మాది నెల్లూరు జిల్లా సర్వేపల్లి నియోజకవర్గంలోని ముత్తుకూరు మండలం. రొయ్యల రేటు తర్వాత మా టీకొట్టు దగ్గర ఎక్కువగా నలిగేది సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి గెలుపోటముల సంగతే.

1994, 1999లో తెలుగుదేశం తరఫున సర్వేపల్లిలో గెలిచారు. అసలు కథ ఆ తర్వాతే. 2004, 2009లో ఆదాల ప్రభాకర రెడ్డి చేతిలో, 2014, 2019లో కాకాణి గోవర్ధన్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. మధ్యలో 2012 ఉప ఎన్నికకు కోవూరు వెళ్తే అక్కడా నల్లపరెడ్డి ప్రసన్నకుమార్ రెడ్డి గెలిచారు. మొత్తం ఐదు ఓటములు! "ఈసారి టికెట్ ఇవ్వర్రా అబ్బయ్యా" అని మా పెదనాన్న ప్రతిసారీ పందెం కాసేవాడు. ప్రతిసారీ టీ డబ్బులు ఆయనే కట్టేవాడు.

ఓడినా ఎమ్మెల్సీగా ఉండి 2017లో వ్యవసాయ మంత్రి అయ్యారు. జనం వద్దన్నాక మంత్రి పదవేంటని నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.

2024లో మళ్లీ కాకాణితోనే పోటీ. అప్పటికి వ్యవసాయ మంత్రి కాకాణి! ఈసారి సోమిరెడ్డి గెలిచారు. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు వ్యవసాయ మంత్రులు వచ్చినా, వడ్లు కోయగానే మా నాన్న మాత్రం తేమ శాతం మీద మిల్లు వాళ్లతో గొడవ పడుతూనే ఉన్నాడు.