ఆ ఒక్క ఫైల్

మూడు రోజుల టెన్షన్ ఇవాళ తీరింది. మేం వాడే బోర్డుకి వైఫై డ్రైవర్, అంటే వైఫై చిప్‌ని నడిపే ప్రోగ్రామ్, సగమే సోర్స్‌గా, అంటే చదవగలిగే కోడ్‌గా వచ్చింది. మిగతా సగం ముందే కంపైల్ చేసిన, అంటే మెషీన్ భాషలోకి మార్చేసిన డాట్ ఓ ఫైల్. దాన్ని లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సోర్స్‌లో పెట్టి బిల్డ్ చేస్తే చక్కగా పనిచేసింది. మర్నాడు బిల్డ్‌లో పుట్టిన ఫైళ్లను తుడిచే మేక్ క్లీన్ కమాండ్ కొట్టాను. ఫైల్ మాయం! కెర్నల్ దృష్టిలో డాట్ ఓ అంటే బిల్డ్‌లో పుట్టినదే, కాబట్టి తుడిచేస్తుంది. కోడ్ మార్పుల్ని దాచి ఉంచే గిట్‌లోనైనా ఉంటుందనుకున్నాను. ఏ ఫైళ్లను గిట్ పట్టించుకోకూడదో చెప్పే కెర్నల్ గిట్‌ఇగ్నోర్ జాబితా డాట్ ఓ ఫైళ్లన్నిటినీ వదిలేస్తుందని అప్పుడు గుర్తొచ్చింది. గిట్‌లో నేను దాచిన కమిట్‌లోకి అది ఎక్కనే లేదు. గుండె ఝల్లుమంది. పాత మెయిల్‌లో కాపీ దొరికింది కాబట్టి సరిపోయింది.

దీనికి కెర్నల్‌లోనే దారి ఉంది. ఫైల్ పేరు చివర అండర్‌స్కోర్ షిప్డ్ అని చేర్చాలి. బిల్డ్ సమయంలో కేబిల్డ్, అంటే కెర్నల్ బిల్డ్ వ్యవస్థ, దాన్ని అసలు పేరుతో కాపీ చేసుకుంటుంది. క్లీన్ చేసినా పోయేది ఆ కాపీయే, మూలం భద్రం. పేరు మారింది కనుక గిట్ కూడా తీసుకుంటుంది.

ఆ డ్రైవర్ మాడ్యూల్‌గా (కెర్నల్‌కి జోడించే భాగంగా) లోడ్ అవగానే కెర్నల్ టెయింట్ అయింది, అంటే తనలో బయటి కోడ్ కలిసిందని ‘పి’ గుర్తు వేసుకుంది. లైసెన్స్ ప్రొప్రైటరీ, అంటే సోర్స్ బయటపెట్టనిది కదా. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్న మాడ్యూళ్లకే ఇచ్చే ఫంక్షన్లు దానికి అందవు. కెర్నల్ కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్ మారితే స్ట్రక్చర్ల (డేటాను అమర్చే నమూనాల) సైజు మారిపోయి ఆ పాత డాట్ ఓ ఫైల్‌తో పొసగకపోవచ్చు, అప్పుడు లోపల ఏం జరిగిందో చూసే వీలే లేదు. ఆ మిగతా సగం సోర్స్ కూడా ఇమ్మని డ్రైవర్ ఇచ్చినవాళ్లకి ఈ రాత్రే మళ్లీ మెయిల్ రాస్తున్నాను.