రాబెన్ ద్వీపంలో ఒక పూట

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవు నుంచి, జాతివివక్ష ప్రభుత్వం నెల్సన్ మండేలాను ఏళ్ల తరబడి ఖైదు చేసిన రాబెన్ ద్వీపానికి పడవలో గంట కూడా పట్టదు. చలిగాలి మాత్రం ఎముకలు కొరికేసింది. దిగగానే బస్సులో ద్వీపమంతా తిప్పారు. సున్నపురాయి గని దగ్గర బస్సు ఆగింది. తెల్లటి రాతి మీద ఎండ పడి కళ్లు తెరవలేకపోయాం. మండేలా బృందం ఏళ్ల తరబడి గునపాలు పట్టింది ఇక్కడే. నల్ల కళ్లద్దాలకు అనుమతి రావడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. గని గోడలో చిన్న గుహ ఉంది. మధ్యాహ్నం అక్కడ కూర్చుని, చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు పాఠాలు చెప్పేవారు.

జైలు లోపలికి మమ్మల్ని తీసుకెళ్లింది ఒకప్పటి ఖైదీ. ఆయన చూపించిన వాటిలో నన్ను కదలనివ్వనిది భోజనాల పట్టిక. ఆసియావాసులకు రొట్టె, జామ్. ఆఫ్రికన్లకు అవి లేవు. ఒకే నేరం, ఒకే శిక్ష, కంచంలో మాత్రం జాతిభేదం! స్నేహితుల మధ్య అసూయ పుట్టించడానికి ఇంతకంటే నీచమైన ఉపాయం ఉంటుందా?

విధ్వంస చర్యల అభియోగంపై మండేలా బృందం మీద నడిచిన రివోనియా కేసులో యావజ్జీవ శిక్ష పడి 1964 జూన్‌లో ఈ ద్వీపానికి వచ్చినవాళ్లు ఏడుగురు. అక్కడ అది చలికాలం. ఆరుగురు ఆఫ్రికన్లకు పొట్టి నిక్కర్లు ఇచ్చి, గుజరాతీ కుటుంబంలో పుట్టిన అహ్మద్ కత్రాడాకు మాత్రం పొడుగు ప్యాంటు ఇచ్చారు. ఏడుగురిలో చిన్నవాడు ఆయనే. తోటివాళ్లు వణుకుతుంటే తాను అది తొడుక్కోవడం ఆయనకు సిగ్గనిపించింది. ఉన్నది వదులుకోవద్దు, అందరికీ అదే దక్కేలా పోరాడదాం అన్నది మండేలా మాట.

మండేలా గది ముందు జనం ఫోటోల కోసం తోసుకుంటున్నారు. నాకు మాత్రం 1969 నాటి ఆ రోజే గుర్తొచ్చింది. పెద్ద కొడుకు తెంబి కారు ప్రమాదంలో చనిపోయినట్టు తంతి వచ్చింది. అంత్యక్రియలకు పంపలేదు. అంతకు ముందు ఏడాది తల్లి పోయినప్పుడూ పంపలేదు. మండేలా రాత్రి భోజనానికి కూడా బయటికి రాలేదు. అదే కేసులో శిక్ష పడిన సహచరుడు వాల్టర్ సిసులు వచ్చి ఆ తంతి చదివి, ఏమీ మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని పక్కనే ఉండిపోయారు. ఆ గది వెడల్పు చూస్తే తెలుస్తుంది, ఇద్దరు మనుషులకు అక్కడ ఎంత చోటుంటుందో.

బయటి పెరట్లోనే మండేలా ఆత్మకథ రాతప్రతిని పాతిపెట్టారు. ఆయన రాత్రిళ్లు రాస్తే సిసులు, కత్రాడా చదివి సవరణలు సూచించేవారు. తోటి ఖైదీలు లలూ చిబా, మాక్ మహారాజ్ దాన్ని చీమల్లాంటి అక్షరాల్లోకి ఎక్కించారు. 1976లో విడుదలైనప్పుడు మహారాజ్ ఆ ప్రతిని బయటికి దాటించారు. తరువాత గోడ కోసం తవ్వుతుంటే అసలు ప్రతి కొంత దొరికిపోయింది. మండేలా, సిసులు, కత్రాడా ముగ్గురికీ నాలుగేళ్లపాటు చదువుకునే అవకాశం తీసేశారు. పుస్తకాలే ఊపిరిగా బతుకుతున్నవాళ్లకు అది చిన్న శిక్ష కాదు.

ఒంటరి గదుల్లో పెట్టినా అందరినీ ఒకే వరుసలో ఉంచడమే ప్రభుత్వం చేసిన పెద్ద పొరపాటని మండేలా తరువాత రాశారు. ఆ వసారాలో నడిచాక ఆ మాట నిజమని నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. 2013 డిసెంబరులో సొంత ఊరు కునులో మండేలా అంత్యక్రియల వేళ, ఎనభై నాలుగేళ్ల కత్రాడా గొంతు పూడుకుపోతుండగా చెప్పారు: సిసులు పోయినప్పుడు తండ్రిని పోగొట్టుకున్నాను, ఇప్పుడు అన్నను పోగొట్టుకున్నాను, ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు అని.