గుడ్డు సొనతో దేవుడి బొమ్మ

రష్యాలో ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో మా యూనివర్సిటీ వాళ్ళు ఫారిన్ స్టూడెంట్స్‌ని మాస్కో, నొవ్‌గొరోద్ ట్రిప్‌కి తీసుకెళ్ళారు, నేను పేరిచ్చింది మాత్రం రెండ్రోజులు అనాటమీ తప్పుతుందని.

మాస్కోలో త్రెత్యకోవ్ గ్యాలరీ పక్కనే దానికే చెందిన చిన్న చర్చి ఉంది, అందులో అద్దాల పెట్టెలో వ్లదీమిర్ మేరీమాత బొమ్మ చూశాం. 12వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) వేశారట. పిల్లాడు తల్లి మెడ చుట్టూ చెయ్యేసి చెంపకి చెంప ఆనించి ఉంటాడు, బుల్లి అరికాలు బయటికి కనపడుతూ. తల్లి మాత్రం వాడికేసి కాదు, మనకేసి చూస్తుంది, అదీ దిగులుగా.

గైడు ఆవిడ చెప్పింది విన్నాక నాకు అసలు ఇంట్రస్ట్ వచ్చింది. చెక్క మీద సుద్ద, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు, దాన్ని లెవ్‌కాస్ అంటారు, దాని మీద కోడిగుడ్డు పచ్చసొనలో కలిపిన రంగులు, పైన అవిసె నూనె పూత. ఆ నూనె ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడిపోతుంది, కొవ్వొత్తుల మసి కూడా తోడై మొహం కనపడదు, అప్పుడు ఇంకొకడొచ్చి దాని మీదే మళ్ళీ బొమ్మ వేసేస్తాడు. ఇలా ఎన్నిసార్లో! 1918లో ఈ బొమ్మని పొరలు తీసి చూస్తే పాతది మిగిలింది ఆ రెండు మొహాలు, అక్కడక్కడా కొన్ని ముక్కలూనట.

నొవ్‌గొరోద్‌లో కాన్‌స్టాంటినోపుల్ నుంచొచ్చిన ఫెయోఫాన్ అనే చిత్రకారుడు 1378లో ఓ చర్చి గోడలకి వేసిన బొమ్మలు చూశాం, ఎర్రమట్టి రంగు మొహాల మీద తెల్లటి గీతలు మెరుపుల్లా ఉంటాయి. చలికి కాళ్ళు కొంకర్లు పోయి ఎక్కువసేపు నిలబడలేకపోయాను, అదొక బాధ.

సెలవులకి అమలాపురం వచ్చాక మామ్మకి ఫోన్‌లో ఫొటోలు చూపించా.

"కోడిగుడ్డు సొనతో దేవుడి బొమ్మేంట్రా, శివశివా!" అంది. తర్వాత ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని "పిల్లాడికి నలతగా ఉన్నట్టుంది, అందుకే వదలట్లేదు తల్లిని" అంది.

మా దేవుడి గూట్లో తాతయ్య అంతర్వేది తీర్థంలో కొన్న లక్ష్మీనరసింహస్వామి పటం ఉంది, దీపం మసికి స్వామి మొహం ఎప్పుడో పోయింది. ఊరుకోలేక తడిగుడ్డతో అద్దం ఓ మూల తుడిచాను, నల్లటి జిడ్డు వదిలి ఎర్ర అంచు కనపడింది, ఇంకాస్త తుడిస్తే అమ్మవారి చెయ్యి. మామ్మ నన్ను పక్కకి నెట్టి, తడి కూడా ఆరకముందే అక్కడ గంధం రాసి కుంకుమ పెట్టేసింది.