శనివారం గిరాకీ

2024 జూన్ 15, శనివారం

మా వాడలో శనివారమంటే పగార్ల రోజు. సాంచాల మీద, అంటే కరెంటుతో నడిచే మగ్గాల మీద, పనిచేసేవాళ్లకు వారం వారం డబ్బులు చేతికొస్తాయి. సాయంత్రం ఆరు దాటిందంటే మా కిరాణంలో నిలబడడానికి జాగా ఉండేది కాదు. ఒకరికి చక్కెర తూస్తుంటే ఇంకొకరు నూనె ప్యాకెట్ అందుకునేవాళ్లు, వెనక నుంచి పిల్లలు చాక్లెట్ల సీసా మీద చేతులు వేసేవాళ్లు. పోయిన వారం ఉద్దెర కట్టి, ఈ వారం సరుకు తీసుకుని, మిగిలిన పైసల్లోంచి రేపటి కూరకు కొంత పక్కన పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. ఇవాళ ఏడున్నరకే దుకాణం ముందు ఎవరూ లేరు. వచ్చినవాళ్లలో పాత బాకీ కట్టింది ఇద్దరే. వాళ్లు కూడా మొత్తం కట్టలేదు.

సంక్రాంతి నుంచి సిరిసిల్ల ఇట్లనే నడుస్తోంది. పాలిస్టర్ గుడ్డ గోదాముల్లో పేరుకుపోయిందని, అమ్మితే నూలు ధర కూడా రావడం లేదని జనవరిలో యజమానులు సాంచాలు బంద్ పెట్టారు. ఆ తర్వాత కొన్ని మొదలయ్యాయి, కొన్ని మొదలై మళ్లీ ఆగాయి. పండుగకు ఆడవాళ్లకు పంచడానికి సర్కారు నేయించే బతుకమ్మ చీరల ఆర్డరు ఈసారి రాలేదు. 2017 నుంచి ఏటా కోటి చీరల దాకా, తర్వాతి ఏళ్లలో 300 కోట్ల రూపాయలకు పైబడిన పని ఆ ఒక్క పథకంతో వచ్చేది. ఎండాకాలంలో మొదలుపెడితే దసరా ముందు దాకా రాత్రీ పగలూ షిఫ్టులు నడిచేవి. నేసిన చీరల పైసలే ఇంకా పూర్తిగా రాలేదని నూలు ఇచ్చి నేయించే సేట్లు అంటున్నారు. సేటు దగ్గర ఆగితే, ఆయన నూలు తెచ్చుకుని సొంత సాంచాల మీద నేయించే ఆసామికి రాదు. ఆసామికి రాకపోతే కార్మికునికి రాదు. కార్మికునికి రాకపోతే నా పుస్తకంలో గీత పడదు. నా పుస్తకంలో గీత పడకపోతే హోల్‌సేల్ దుకాణంలో నా పేరు మీద గీత పడదు.

ఇదివరకు పొద్దున ఐదింటికే షట్టర్ ఎత్తేదాన్ని. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోతూ పాల ప్యాకెట్, బ్రెడ్డు, పిల్లలకు బిస్కెట్ పుడా తీసుకునేవాళ్లు. కళ్లు ఎర్రగా ఉండేవి, తల మీద నూలు దుమ్ము ఉండేది, అయినా చేతిలో పైసలుండేవి కాబట్టి నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు. ఇప్పుడు చాలా కార్ఖానాల్లో రాత్రి షిఫ్టు లేదు. ఏడింటికి తెరిచినా సరిపోతుంది. పాలు సగానికి తగ్గించుకున్నాను. మిగిలితే మా ఇంట్లోనే తోడు వేస్తున్నాను.

పొద్దున పదింటికి మూలమీది ఇంటి వదిన వచ్చింది. బీడీలు చేస్తుంది. భర్త సాంచాల మీద ఉండేవాడు, ఇప్పుడు వారంలో మూడు రోజులు పని దొరికితే గొప్ప.

"కందిపప్పు పావుకిల ఎంతయితది?" అని అడిగింది.

"నలబై రెండు వదినా."

కాసేపు డబ్బా వైపు చూసింది. "ఎర్రపప్పు?"

"ఇరవై అయిదు."

"అదే ఇయ్యి. పావుకిల."

వదిన ఇదివరకు కందిపప్పు కిలోకు తక్కువ తీసుకునేది కాదు. ఆమె చేసే ముద్దపప్పు మా పిల్లలకు కూడా ఇష్టం. ఈ ఆరు నెలల్లో ముందు అరకిలోకు దిగింది, తర్వాత పావుకు, ఇవాళ ఎర్రపప్పుకు. గుప్పెడు పప్పు వేసి నీళ్లు ఎక్కువ పోసి, చింతపండు పిసికి చారు చేస్తే పావుకిలో నాలుగు పూటలకు వస్తుందని ఆమే చెప్పింది. టమాటలు మళ్లీ ప్రియం అయ్యాయి కదా, చింతపండే దిక్కు. రెండు గుడ్లు కూడా తీసుకుంది. ఇంట్లో నలుగురు. గుడ్లు ఉడకబెట్టి నిలువునా కోసి పిల్లలకు చెరో సగం, మిగిలిన ఒకటి భర్తకట. "మరి నీకు?" అన్నాను. "నాకు శనివారం కదా" అంది. ఇదే వదిన శనివారం ఒక్కపొద్దు ఎప్పుడు పట్టిందో నాకు గుర్తు లేదు. నేను ఇంకేమీ అడగలేదు, పచ్చిమిరపకాయలు నాలుగు పొట్లంలో వేసి ఇచ్చాను.

కిరాణం నడిపేవాళ్లకు ఊరి సంగతి గల్లాపెట్టె కంటే ముందు తక్కెడ చెబుతుంది. లీటరు నూనె ప్యాకెట్లు అటక మీద కదలకుండా ఉన్నాయి, అరలీటరు పామాయిల్ మాత్రం పోతోంది. చాయ్‌పత్తి పావుకిలో ప్యాకెట్ మానేసి పది రూపాయల పుడా అడుగుతున్నారు. అట్లా విడిగా కొంటే నెలకు లెక్క ఎక్కువే పడుతుంది. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు. ఒక్కసారే అంత పెట్టడానికి చేతిలో ఉండదు. బీదవాళ్లకే సరుకు ప్రియంగా పడడం నాకు ఏనాడూ మింగుడు పడదు. అందుకే పెద్ద ప్యాకెట్లు విప్పి, అదే ధర మీద చిన్న పొట్లాలు కట్టి పెడుతున్నాను. రోజూ ఒక గంట పని. మా ఆయన చేతికి అంతకంటే పెద్ద పని ఇప్పుడు లేదు కాబట్టి ఆయన కూడా కూర్చుంటున్నాడు. ఆయనది వార్పిన్ పని, అంటే సాంచాకు ఎక్కించే భీములకు నూలు పోగులు చుట్టడం. భీములు పట్టుకుపోయేవాళ్లు లేకపోతే వార్పిన్‌కు ఏముంటుంది?

బుధవారం బళ్లు తెరిచారు. జూన్ అంటే నాకు నోట్ బుక్కుల నెల. డజన్ల లెక్కన తెచ్చేదాన్ని. ఈసారి ఒక్కొక్కటే అడుగుతున్నారు. ఒక తల్లి వచ్చి లాంగ్ బుక్కు ఒకటి తీసుకుని, "రెండు సబ్జెక్టులు ఒకదాంట్లనే రాస్కొమ్మంట" అంది. ఇటు నుంచి సగం, అటు నుంచి సగం. ఆమె కొడుకు పక్కనే నిలబడి అట్టలు ముట్టుకుని చూస్తున్నాడు. పోయినేడు దాకా ప్రైవేటు బడికి పోయేవాడు, టై కట్టుకుని ఆటో ఎక్కేవాడు. ఇప్పుడు సర్కారు బడిలో వేశారు. నేనూ సర్కారు బడిలోనే చదివాను, అందులో చిన్నతనం ఏమీ లేదు. మధ్యాహ్నం భోజనం పెడతారు, గుడ్డు ఇస్తారు, పుస్తకాలిస్తారు. ఆ పిల్లవాడి బాధ వేరు. దోస్తులను విడిచి రావడం. వాళ్లమ్మ చెప్పినదాన్నిబట్టి, పాత బడిలో ఫీజు బాకీ ఉందట, టీసీ కోసం తిరుగుతున్నారు.

మధ్యాహ్నం మా వరసకు అన్న అయ్యే ఆసామి ఒకాయన వచ్చాడు. ఇంటి ముందు భాగంలోనే ఎనిమిది సాంచాలు పెట్టుకున్న మనిషి. సేటు దగ్గర భీములు తెచ్చుకుని, ఇద్దరు ముగ్గురు కార్మికులకు పని చూపించేవాడు. బయటివాళ్లు ఆసామి అంటే ధనవంతుడు అనుకుంటారు. నిజానికి ఇక్కడ అందరికంటే ఇరుకున పడ్డది ఆసాములే. గుడ్డ వాళ్లది కాదు, నూలు వాళ్లది కాదు. సాంచాలు, కరెంటు బిల్లు, అప్పు మాత్రం వాళ్లవి. చీరల అంచుకు డిజైన్ రావాలని ఈ అన్న అప్పు తెచ్చి సాంచాలకు డాబీలు పెట్టించాడు. లంగాల గుడ్డ నేయాలంటే డాబీతో పని లేదు. డాబీలు పైన అట్లనే ఉన్నాయి, మిత్తి కింద నడుస్తోంది.

"చెల్లె, ఇనుప సామానోడు తూకానికి అడుగుతున్నడు. ఇచ్చేద్దునా?" అన్నాడు.

నన్ను అడగడమేమిటి అని కాదు, ఎవరినో ఒకరిని అడగాలి కదా. పెట్టిన దాంట్లో నాలుగో వంతు కూడా రాదని ఆయనే చెప్పాడు. దసరా దాకా ఆగమన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. సాంచ ఒకసారి తూకానికి పోతే మళ్లీ కొనే స్థితి ఆ ఇంటికి రాదు, అదొక్కటే నాకు తెలుసు.

ఒకే ఆర్డరును పట్టుకుని ఆరేడేళ్లు కూర్చోవడం మా ఊరు చేసిన పెద్ద పొరపాటని చదువుకున్నవాళ్లు అంటుంటారు. అందులో నిజముంది. చీరలు నేసిన కాలంలోనే బయటి బజారుకు పనికొచ్చే గుడ్డ నేర్చుకుని ఉండాల్సింది, పాత సాంచాలు మార్చి ఉండాల్సింది. కానీ ఆ మాట సేట్లకు, సర్కారుకు చెప్పాలి. వారం పగారు మీద బతికే మనిషికి ఏ గుడ్డ నేయాలో నిర్ణయించే హక్కు ఎప్పుడిచ్చారు? చీరల ఆర్డరు దానం కాదు. ఆరుమీటర్ల గుడ్డ నేసి పుచ్చుకున్న కూలి అది. ఆ కాలంలో సాంచాల పని కోసం భివండీ, సూరత్ పోయిన మగవాళ్లు తిరిగి వచ్చారు, నెలకు పదహారు వేల దాకా తెచ్చినవాళ్లను నేను నా పుస్తకంలోనే చూశాను. పాతది ఆపాలనుకుంటే ముందు కొత్తది చూపించి ఆపాలి. ఈ మధ్య బడి పిల్లల యూనిఫారం గుడ్డ ఆర్డర్లు కొంత వచ్చాయి, కొన్ని సంఘాలకు పని దొరికింది. మంచిదే. అది అందరికీ సరిపోదు.

సర్కారు ఇచ్చేవి అక్కరకు రావడం లేదని కూడా అనను. రేషన్ బియ్యం లేకపోతే ఈ వాడలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. 200 యూనిట్లలోపు కరెంటు బిల్లు సున్నా వస్తోంది. ఆడవాళ్లకు బస్సు ఊరికే కాబట్టి కరీంనగర్ దవాఖానకు పోగలుగుతున్నారు. బీడీల పింఛను 2,016 రూపాయలు వచ్చిన రోజు నా దగ్గర నాలుగు బాకీలు తీరతాయి. కానీ మనిషి పనికి పోయి పైసలు తేవడం వేరే. ఆ తేడా మగవాళ్ల మొహాల్లో కనబడుతుంది. పొద్దంతా గద్దె మీద కూర్చుంటున్నారు, ఎవరైనా పలకరిస్తే కోపంగా జవాబిస్తున్నారు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది బాకీ కాదు. బాకీ ఉన్నవాళ్లు దుకాణానికి రావడం మానేయడం. నా ముందు నుంచి పోవాల్సి వస్తుందని వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోతున్నారు. ఏప్రిల్లో మా ఊరి నేత కార్మికుల చావుల వార్తలు పేపర్లో వచ్చినప్పటి నుంచి ఎవరైనా కొన్ని రోజులు కనబడకపోతే నాకు నిద్ర పట్టదు. ఇరవై ఏళ్ల కింద కూడా సిరిసిల్ల పేరు పేపర్లో ఇట్లాంటి వార్తలకే వచ్చేది. ఆ రోజులు మళ్లీ చూడాలని లేదు.

అందుకే సాయంత్రం గిరాకీ లేని టైములో షట్టర్ సగం దించి, వెనక సందులోని ఒకరి ఇంటికి పోయాను. ఆ తమ్ముడు నాకు మూడు వేల పైన ఇవ్వాలి. వారం పది రోజులుగా కనబడలేదు. నన్ను చూడగానే లోపలికి పోయాడు. అతని భార్య కుర్చీ వేసి, నేను అడగకముందే "అక్కా, వచ్చే శనివారం..." అని మొదలుపెట్టింది.

"నేను పైసల కోసం రాలేదు. దుకాణానికి ఎందుకు వస్తలేరో కనుక్కుందామని వచ్చిన. తమ్ముడూ, ఇటు రా" అని పిలిచాను.

వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. "ఏ మొహం పెట్టుకుని రావాలె అక్కా" అన్నాడు. బియ్యం, పప్పు, నూనె, పిల్లల పాలు, ఈ నాలుగింటికి నా దగ్గర ఉద్దెర ఆగదని చెప్పాను. సందు తిప్పి పోవద్దని, రోజూ ఒకసారి కనబడి పొమ్మని చెప్పాను. అతను తల ఊపాడు. రాత్రి ఎనిమిదింటికి వాళ్ల పాప వచ్చి పాల ప్యాకెట్ తీసుకుపోయింది.

ఇంత మాట ఇచ్చాను కానీ నా లెక్క కూడా రాసుకోవాలి. ఉద్దెర పుస్తకంలో మొత్తం ఎనభై వేలు దాటింది. హోల్‌సేల్ దుకాణం ఆయన నిన్న ఫోన్ చేసి, పాతది కొంతైనా కడితేనే కొత్త సరుకు అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, నాలాంటి దుకాణాలు ఆయనకు ఊరంతా ఉన్నాయి. బిడ్డ కరీంనగర్‌లో ఇంటర్ చదువుతోంది, హాస్టల్ ఫీజు వచ్చే నెల మొదట్లో కట్టాలి. మహిళా సంఘం అప్పు కిస్తీ ఆపలేం, ఒకరు ఆపితే గ్రూపు మొత్తం మీద పడుతుంది.

మా ఆయన భివండీ మాట ఎత్తాడు. అక్కడ తెలిసినవాళ్లున్నారట, పోతే వార్పిన్ పని దొరుకుతుందట. మా మామ జీవితమంతా అక్కడే పనిచేసి, దగ్గుతో తిరిగి వచ్చిన మనిషి. ఒక గదిలో పదిమంది పడుకున్న సంగతులు ఆయన నోటి నుంచే విన్నాను. పోవద్దని ఇవాళ గట్టిగానే చెప్పాను. ఫీజు కోసం నా గాజులు బ్యాంకులో పెట్టొచ్చు, బంగారం ధర ఇప్పుడు ఎక్కువే ఉంది కాబట్టి అప్పు కూడా కాస్త ఎక్కువే ఇస్తారు. మనిషి దూరం పోతే ఆ లెక్క వేరు. సోమవారం పొద్దున ఇద్దరం కలిసి హోల్‌సేల్ దుకాణానికి పోయి, అయిదు వేలు కట్టి, మిగతాదానికి దసరా దాకా గడువు అడుగుతాం. ఇస్తే ఎర్రపప్పు, పామాయిల్ ఎక్కువ తేవాలి. కందిపప్పు ఈసారి అయిదు కిలోలు చాలు.