మేనేజర్ లేస్తేనే టీమ్ లేచేది

"నువ్వు కూర్చుంటే ఆ ఇద్దరు పిల్లలూ కూర్చుంటారు. ముందు నువ్వు లే."

నా టీమ్‌లోని ఇద్దరు జూనియర్ల గురించి మా మేనేజర్ ఈ మాట అన్నప్పుడు సాయంత్రం నాలుగైంది. హాంకాంగ్‌లో ఆ రోజు తుంగ్‌చీ, అంటే ఏడాది మొత్తంలో పగలు అన్నిటికంటే చిన్నదైన రోజు. ఇక్కడి కాంటనీస్ చైనీయుల ఇళ్లలో ఆ రాత్రి అందరూ కలిసి భోంచేయాల్సిందే. అందుకే నేనే ముందుకొచ్చి, "మీరంతా వెళ్లండి, నాకిక్కడ ఎవరున్నారు, మిగిలిన పని నేను చూసుకుంటా" అన్నాను. మంచి మనసుతో అన్న మాటకి చివాట్లు పడేసరికి మనసు చివుక్కుమంది.

నేనెందుకలా అన్నానో మనవాళ్లకు వివరించక్కర్లేదు. మా నాన్న బస్సు డ్రైవర్. సంక్రాంతికి స్పెషల్ బస్సులు పడితే ఇంటి మొహం చూసేవాడు కాదు. కానీ డిపోలో ఆయన స్నేహితుడొకాయన భోగి నాటి డ్యూటీ తను తీసుకుని నాన్నని ఇంటికి పంపేవాడు. రంజాన్‌కి నాన్న ఆయన డ్యూటీ తీసుకునేవాడు. పండగ లేనివాడు పండగ ఉన్నవాడి పని భుజాన వేసుకోవడం నేను ఇంట్లో చూస్తూ పెరిగిన మర్యాద. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

అయితే మా మేనేజర్ చెప్పింది వేరే సంగతి. నాన్న, ఆయన స్నేహితుడు సమానమైన డ్రైవర్లు. నేను ఆ ఇద్దరు పిల్లలకు టీమ్ లీడ్‌ని. నేను కుర్చీలో ఉండి "మీరు వెళ్లండి" అంటే వాళ్ల చెవికి అది ఇంకోలా వినిపిస్తుంది. ఆ రోజు వాళ్లు బ్యాగులు సర్దుకుని కూడా స్క్రీన్ వైపే చూస్తూ ఉండటం నిజం.

ఇక్కడి ఉద్యోగ చట్టం ప్రకారం తుంగ్‌చీ, క్రిస్మస్ రెండింట్లో ఏ రోజు సెలవివ్వాలో యజమాని ఇష్టం. మాలాంటి ఆఫీసులు క్రిస్మస్‌కే ఇస్తాయి కాబట్టి తుంగ్‌చీ మామూలు పనిదినమే. అయినా చాలా చోట్ల తొందరగా పంపించేస్తారు. రూల్‌లో ఎక్కడా లేని ఆ రెండు గంటలు పూర్తిగా మేనేజర్ చేతిలో ఉంటాయి. ఏడాదంతా ఒక్క గడువు తేదీ కూడా జరగనివ్వని మనిషి, ఆ సాయంత్రం డెస్క్ డెస్క్‌కీ తిరిగి అందరినీ లేపి, తన ల్యాప్‌టాప్ కూడా మూసేసింది. ఇంటికెళ్లి అల్లం పాకంలో బియ్యప్పిండి ఉండలు వండాలట. కుటుంబమంతా ఒకచోట చేరడానికి గుర్తుగా ఆ గుండ్రటి ఉండలు తింటారు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది చాలా పాత పద్ధతి. చైనావాళ్ల ప్రాచీన గ్రంథం యీ జింగ్‌లో ఒక మాట ఉంది. పూర్వపు రాజులు ఈ రోజున సరిహద్దు ద్వారాలు మూయించేవారు, వర్తకులు ప్రయాణాలు మానేవారు, రాజు ప్రాంతాల తనిఖీకి వెళ్లేవాడు కాదు. ఈ మూడోది నన్ను చాలా రోజులు వదల్లేదు. ద్వారాలు మూయమని ఆజ్ఞ ఇవ్వడం ఎవరికైనా చేతనవును. కానీ రాజు బయల్దేరాడంటే ఆ మూసిన ద్వారాలే మళ్లీ తెరవాలి, కాపలావాడు నిలబడాలి, ఎక్కడో వంటవాడు పొయ్యి రాజేయాలి. అందుకే ఆగాల్సినవాళ్లలో రాజు పేరు కూడా చేర్చారు. బీజింగ్‌లో ఇంకో దారి. మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు ఈ రోజు పూజకి ముందు మాంసం, మద్యం, సంగీతం మానేసి ఉపవాస భవనంలో గడిపి, 1530లో కట్టిన గుండ్రటి రాతి వేదిక మీద స్వయంగా మోకరిల్లేవారు. ఆ నియమం పాటించాల్సింది చక్రవర్తే.

ఇదంతా చదువుతుంటే ఒక పక్క మెచ్చుకోలు, ఇంకో పక్క కాస్త రోషం. మనకి మాత్రం లేదా? సుమారు 1,700 ఏళ్ల కిందట మన మకర సంక్రాంతీ ఈ రోజూ ఒకటే. సూర్యుడి గమనాన్ని నక్షత్రాలతో లెక్కపెట్టే మన పద్ధతిలో 72 ఏళ్లకో రోజు చొప్పున జరుగుతూ జనవరి మధ్యకి వచ్చింది. భీష్ముడు అంపశయ్య మీద ఎదురుచూసింది ఈ ఉత్తరాయణం కోసమే. ఆ ఎదురుచూపుల్లోనే ధర్మరాజుకి రాజధర్మం చెప్పాడు. పాలించేవాడు ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే తగిన కాలం మనవాళ్లకు తోచలేదేమో. ఇక కనుమ నాడు కాకి కూడా కదలదని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ద్వారాలు మూయించే రాజు అవసరం లేకుండానే ఊళ్లకి ఊళ్లు ఆగిపోతాయి.

ఆగనిది మన ఆఫీసులే. మా టీమ్‌లో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. సంక్రాంతికి సెలవు అడిగితే అక్కడి మేనేజర్ కాదనడు, పాపం చాలా మంచివాడు. కానీ పండగ రోజు పొద్దున్నే గ్రూప్‌లో ఆయన మెసేజ్ ఉంటుంది: "ఎంజాయ్ చేయండి, టైమ్ దొరికితే ఆ రిపోర్ట్ ఒకసారి చూడండి." ఇక ఊళ్లో అరుగు మీద కూర్చున్న కుర్రాడు కూడా ఫోన్ తీస్తాడు. అరిసె ఒక చేతిలో, టెన్షన్ ఇంకో చేతిలో. ఆయనకి పని మీద ఎంత ప్రేమో నాకు తెలుసు కాబట్టే ఇంకా బాధ.

డిసెంబర్ అయిపోతుండగా మా మేనేజర్ని అడిగాను, జనవరిలో హైదరాబాద్ వాళ్ల పండగ రోజుల్లో కాల్‌కి రాలేనివాళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చా అని. ఎన్ని రోజులని అడిగింది. భోగి, సంక్రాంతి, కనుమ అని చెప్పాను. మినహాయింపు వద్దని, మూడు రోజుల కాల్స్ మొత్తం క్యాలెండర్‌లోంచి తీసేయమంది. ఆ పని నాతోనే చేయించింది. హైదరాబాద్ మేనేజర్‌కి నేనే ఫోన్ చేసి, గ్రూప్‌లో ఈసారి ఏమీ పెట్టొద్దని అడిగాను. కాసేపు ఆగి, "మరి అర్జెంట్ ఏదైనా వస్తే?" అన్నారు. ఇక్కడ మాకు పనిదినాలే కాబట్టి ఏదొచ్చినా నాకూ మా మేనేజర్‌కీ వస్తుందని, ఆయన కూడా ఊరెళ్లాలని చెప్పాను. అమలాపురం టికెట్లు ఇంకా దొరుకుతాయేమో చూస్తానన్నారు.